అచ్చులో పోసిన మాస్కు

నా మొహం బాగాలేదని మా ఆఫీసు మేనేజరు చెప్పాడు. అందం సంగతి కాదు. ఏటా జరిగే అప్రైజల్‌లో, ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్ ఆఫీసు అద్దాల గదిలో ఎదురుగా కూర్చుని, "మీటింగుల్లో ఎవరైనా మాట్లాడుతుంటే మీ మొహంలో ఏదో కనిపిస్తుంది. టీమ్‌లో కొందరు ఇబ్బంది పడుతున్నారు," అన్నాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆ ఏడాది నేను పట్టుకున్న తప్పుల గురించి ఒక్క మాట ఎత్తలేదు.

"ఏం కనిపిస్తుంది?" అన్నాను.

అతను చేతిలో పెన్ను అటూ ఇటూ తిప్పాడు. "మేం చెప్పేది వినేంత విలువైంది కాదన్నట్టు."

అతను తప్పు చదవలేదు. వాళ్లు చెప్పేది వినేంత విలువైంది కాదు. వారానికి మూడు గంటలు ఒకరి మాటను ఇంకొకరు మెచ్చుకుంటూ కూర్చుంటారు. చివర్లో నేనొక తప్పు చూపిస్తే గదిలో ఎవరో పోయినట్టు మొహాలు పెడతారు. అయినా నా అభిప్రాయం బయటికి అనకుండా ఈ దేశంలో పందొమ్మిదేళ్లు నెట్టుకొచ్చాను. నోరు మూసుకున్నా మొహం చెప్పేస్తోందని ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన స్టవ్ మీద పాలు పొంగకుండా చూస్తూ, "ఇరవై ఏళ్లుగా నేను మొత్తుకునేది అదే గదా. నేను చెప్తే నమ్మలా. దొర చెప్తే నమ్ముతావు," అన్నాడు. ఆయన వైపు చూశాను. "అదిగో, ఇదే ఆ మొహం," అన్నాడు.

ఆ వారమే లైబ్రరీలో ఒక కాగితం అంటించి ఉండటం చూశాను. జపాన్ మాస్కుల నాటకం, చరిత్ర, కళ. ఆరు శనివారాలు, ఉచితం. మొహం కనిపించకుండా బతకడమే ఆఫీసు వాళ్లకు కావాలంటే అదేదో పద్ధతిగానే నేర్చుకుందామని ఉక్రోషంతో పేరు రాసిచ్చాను. జపాన్ మీద నాకు ప్రత్యేకంగా ప్రేమ లేదు.

క్లాసు మా ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో ఉన్న ఒక కమ్యూనిటీ హాల్లో. గోడ వారగా ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు, నేల మీద బాడ్మింటన్ గీతలు. మొదటి శనివారం పదమూడు మంది వచ్చారు. దాదాపు అందరూ రిటైరైన ఇంగ్లిషువాళ్లే. చేయడానికి ఏమీ లేనప్పుడు ఇతర దేశాల సంస్కృతిని గౌరవించడం మొదలుపెట్టే రకం. టీచరుకు అరవై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు ముడివేసి అందులో ఒక చెక్క పుల్ల గుచ్చుకుంది. నీలిరంగు జపాన్ కోటు, దాని మీద వాన కోటు. అందరినీ బూట్లు విప్పమంది. ఫిబ్రవరి నెల. ఆ నేల మీద సాక్సులతో నిలబడితే కాళ్లు కొంకర్లు పోయాయి. ఆవిడ నడుము వంచి మాకు నమస్కరించింది. పదమూడు మందిలో పదకొండు మంది తిరిగి వంగారు. వంగనిది నేనూ, ఒక మూల నిలబడ్డ మరో నల్లటి మనిషీ.

ఆవిడ చావింట్లో మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడేది. జపాన్ అనే మాట వచ్చినప్పుడల్లా ఇంకా తగ్గించేది. ఆ దేశంలో తాను ఎనిమిది నెలలు ఉన్నానని చెప్పింది. అదీ నలభై ఏళ్ల కిందట. నేను పందొమ్మిదేళ్లుగా ఇంగ్లండులో ఉన్నాను. ఇంగ్లండు గురించి క్లాసు చెప్పమని ఇంతవరకూ నన్నెవరూ పిలవలేదు.

టీ విరామంలో ఆ మూలనున్న మనిషి బిస్కట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. టై కట్టుకున్నాడు.

"ఏమ్మా, మనోళ్లేనా?"

"గుంటూరండీ."

"నాది కడప. ముప్ఫై ఏండ్లు ఈడ డాక్టరుగా చేసి రిటైరైనా. చూడమ్మా, ఈయమ్మ చెప్తాండేదంతా మనదే. మన భరతముని చెప్పినాడు ఇదంతా. ఈళ్లు మన దగ్గర్నించి ఎత్తుకపోయినారు."

జపాన్‌వాళ్లు ఎత్తుకుపోయారా, ఇంగ్లిషువాళ్లు ఎత్తుకుపోయారా అని అడగలేదు. అడిగితే రెండూ అంటాడు. విమానం మొదలుకొని ఇడ్లీ దాకా అన్నీ మనవే అనే మనుషులు నాకు కొత్త కాదు. వాట్సప్ నిండా వాళ్లే. తప్పించుకుందామనుకునేలోపు ఆయన కంట్లో పొర సంగతి చెప్పాడు. రాత్రిపూటే కాదు, పగలు కూడా కారు నడపలేకపోతున్నాడు. ఆపరేషన్‌కు వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. మా ఇల్లు ఎక్కడో కనుక్కుని, "అయితే నేను నీ దావలోనే ఉండానమ్మా," అన్నాడు. ఆ దారి నా దారి కాదు. రెండు రౌండెబౌట్లు ఎక్కువ. అయినా వయసులో పెద్దవాడు, ముఖాన కొట్టినట్టు కాదనలేక సరే అంకుల్ అన్నాను.

అట్లా ఆరు శనివారాలు ఆయన్ని తీసుకెళ్లి తీసుకురావడం నా మెడకు చుట్టుకుంది. కారు ఎక్కగానే సీటు వెనక్కి జరిపేవాడు. ప్రతి రౌండెబౌట్ దగ్గరా ఒక కొత్త విషయం భారతదేశం నుంచి జపాన్‌కు వెళ్లేది. కుండలు, ధ్యానం, గొడుగు. నేను "ఊ" అంటూ నడిపేదాన్ని. "శనారం ఇంట్లో ఉంటే గోడలు సూడాల్సిందేనమ్మా. అందుకే ఏ క్లాసైనా పోతా," అని ఒకసారి అన్నాడు. దానికీ "ఊ" అనే అన్నాను.

నాకు చిరాకు తెప్పించింది ఏమిటంటే, ఆ టీచరు చెప్పే చరిత్ర మాత్రం బాగుంది.

ఆరువందల ఏళ్ల కిందట ఈ నాటకం ఆడినవాళ్లు గొప్పవాళ్లేం కాదు. గుళ్ల ముందు తిరునాళ్లలో మొగ్గలు వేసి, కోతిచేష్టలు చేసి, జనాన్ని నవ్వించి పొట్టపోసుకునేవాళ్లు. వాళ్లలో ఒక తండ్రీకొడుకుల ఆట దేశాన్నేలే సేనానాయకుడి కంట పడింది. కొడుకు అప్పటికి ఇంకా చిన్నవాడు. ఆ దొర అతన్ని చేరదీసి, ఊరేగింపు చూడ్డానికి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. దర్బారులో ఒక పెద్దమనిషికి అది ఒళ్లు మండించింది. ఇట్లాంటి ఆటలాడేవాళ్లూ బిచ్చగాళ్లూ ఒకటేనని తన దినచర్యలో రాసుకున్నాడట. ఆ పిల్లవాడే పెరిగి నాటకాలు రాశాడు, నటన ఎట్లా ఉండాలో పుస్తకాలు రాశాడు. ముసలితనంలో మరో పాలకుడికి కోపం వస్తే ఒక దీవికి వెళ్లగొట్టారు.

క్లాసులో అందరూ "అయ్యో" అన్నారు. అంతా అప్పటికప్పుడు కళాకారుల పక్షమైపోయారు. మా చిన్నప్పుడు పగటివేషాలవాళ్లు వస్తే మా అమ్మ గుమ్మంలోంచే చేటతో బియ్యం వేసేది. అరుగు ఎక్కనిచ్చేది కాదు. నాకైతే ఆ దర్బారు పెద్దమనిషే బాగా అర్థమయ్యాడు.

తర్వాతి రెండు శనివారాలూ మాస్కుల గురించి. దేవదారు జాతి చెక్కను చెక్కి, ఆల్చిప్పల పొడిని జిగురులో కలిపి పొర మీద పొర పూస్తారు. మాస్కు మొహం కంటే చిన్నదిగా ఉంటుంది, గడ్డం కిందినుంచి బయటికి కనిపిస్తుంది. అందరూ పెట్టుకోరు, ముఖ్య నటుడే పెట్టుకుంటాడు. ఆడవేషం కూడా మగవాడిదే. కళ్ల దగ్గర చిన్న చిన్న బెజ్జాలు. వాటిలోంచి అతనికి దాదాపు ఏమీ కనిపించదు, రంగస్థలం మూలల్లో ఉన్న స్తంభాల ఆనవాలు పట్టుకుని నడుస్తాడు. రంగం మీదికి వచ్చేముందు అద్దం ఉన్న గదిలో కూర్చుని, మాస్కుకు వంగి దండం పెట్టి, అప్పుడు పెట్టుకుంటాడు. మాస్కులో నవ్వూ ఉండదు, ఏడుపూ ఉండదు. కొద్దిగా పైకెత్తితే వెలుగు పడి నవ్వినట్టూ, కొద్దిగా దించితే నీడ పడి దిగులుపడ్డట్టూ కనిపిస్తుంది.

నూటయాభై ఏళ్ల కిందట ఆ సేనానాయకుల పాలన ముగిశాక నటులకు జీతాలిచ్చేవాళ్లు లేకపోయారు. కొందరు తరతరాల మాస్కుల్ని అమ్ముకున్నారు. ఐరోపావాళ్లు కొనుక్కొచ్చి గోడలకు తగిలించుకున్నారు. ఇది చెప్పేటప్పుడు టీచరు గొంతు మరీ తగ్గిపోయింది. ఆ కొన్నవాళ్లు తన తాతముత్తాతల్లాంటివాళ్లేనన్న సంగతి ఆవిడకు తట్టిందో లేదో నాకు తెలియదు.

నాలుగో శనివారం ఆవిడ ఒక చెక్కపెట్టె తెచ్చింది. బల్ల మీద పట్టుగుడ్డ పరిచి, పెట్టె తెరిచి, తెల్లని చేతి తొడుగులు వేసుకుని, ఒక మాస్కును చెవుల దగ్గర పట్టుకుని పైకి తీసింది. పడుచుపిల్ల మొహం. తెల్లగా, కోలగా ఉంది. కనుబొమలు అసలు చోట లేవు, నుదుటి మీద ఎక్కడో పొగలా దిద్ది ఉన్నాయి. కొద్దిగా తెరిచిన పెదాల మధ్య నల్లటి పళ్లు.

"ఇది రెండువందల ఏళ్ల నాటిది," అంది. "నటుల కుటుంబం ఒకటి దీన్ని వదులుకోవాల్సి వచ్చింది. నా చేతికి రావడం నా అదృష్టం."

తొడుగులు ఒకరి నుంచి ఒకరికి మార్చుకుంటూ మాస్కు చేతులు మారింది. ఒకావిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకాయన ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. అంకుల్ దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుని చూసి, "మన అమ్మోరి మొగం మాదిరి ఉండాది," అని నాకు మాత్రం వినబడేట్టు అన్నాడు. తర్వాత నా చేతికి వచ్చింది.

బీఎస్సీ అయ్యాక నా మొదటి ఉద్యోగం విజయవాడ ఆటోనగర్‌లో ప్లాస్టిక్ కుర్చీల ఫ్యాక్టరీలో. ఏడాదిపాటు రోజంతా కుర్చీలు తిరగేసి తప్పులు వెతకడమే నా పని. కాబట్టి ఏ వస్తువు చేతికొచ్చినా నేను వెనక వైపే ముందు చూస్తాను. మాస్కు తిరగేశాను. ఉలి దెబ్బ ఒక్కటీ లేదు. అంచు వెంట రెండు అచ్చులు కలిసిన చోట మిగిలే సన్నని గీత. ముక్కు లోపల పోసినప్పుడు గడ్డకట్టిన ఒక చుక్క. గోధుమరంగు పూశారు గానీ అది చెక్క కాదు, రెజిన్, పోతపోసే ప్లాస్టిక్.

నోరు మూసుకుని పక్కవాళ్లకు ఇచ్చేయొచ్చు. క్లాసు తర్వాత ఆవిడకు ఒక్కదానికే చెప్పొచ్చు. రెండూ నాకు ఆ క్షణంలోనే తోచాయి. అయినా చెయ్యెత్తాను.

"ఇది చెక్క కాదు. అచ్చులో పోసింది," అన్నాను. "ఇదిగో, అతుకు గీత. ఇక్కడ పోతపోసిన చుక్క. రెండువందల ఏళ్ల కిందట రెజిన్ లేదనుకుంటాను."

కళ్లనీళ్లు పెట్టుకున్నావిడ నా చేతిలోంచి మాస్కు తీసుకుని తిప్పి చూసింది. నా చేతి తొడుగులు అడగలేదు, ఇంక వాటి అవసరం లేదన్నట్టు. టీచరు మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. మాస్కు తీసుకుని పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. మూత సరిగా పడలేదు, రెండుసార్లు నొక్కింది. మిగతా అరగంట కాగితం చూసి చదివింది.

కారులో అంకుల్ సంతోషం పట్టలేకపోయాడు. "బలే పెట్టినావమ్మా గడ్డి! ఆయమ్మ మొగం సూసినావా? నోట మాట రాలా!" అని తొడ మీద చరుచుకున్నాడు. దారంతా అదే. నాకు ఆయన నవ్వు అసహ్యంగా అనిపించింది. పళ్ల సెట్టు కదులుతూ ఆ నవ్వేమిటి, పెద్దమనిషి అయ్యుండి. ఇంటికి వెళ్లాక అర్థమైంది, ఆయన నవ్వింది నేను చేసినదానికే. లోపల నేనూ అదే నవ్వు నవ్వుకుంటూ వచ్చాను. నాది బయటికి వినపడలేదు, అంతే తేడా.

ఐదో శనివారం ఆరుగురే వచ్చారు. కన్నీళ్లావిడ రాలేదు. టీచరు జపాన్ కోటు వేసుకోలేదు, మామూలు స్వెటరు. బూట్లు విప్పమని కూడా అడగలేదు. పెట్టె తేలేదు, ప్రింటు తీసిన బొమ్మలు తెచ్చింది. అసూయతో రాక్షసి అయిపోయిన ఆడదాని మాస్కు గురించి చెప్పింది. కొమ్ములు, బయటికొచ్చిన కోరలు, బంగారు రంగు కళ్లు. ముందు నుంచి చూస్తే భయం వేస్తుంది, తల దించితే ఏడుస్తున్నట్టు ఉంటుంది, చెక్కేవాడు రెండూ ఒకే చెక్కలో పెట్టాలని చెప్పింది. గొంతు తగ్గించలేదు. ఎవరి మెప్పూ అక్కర్లేనట్టు గబగబా చెప్పుకుపోయింది. ఐదు వారాల్లో ఆవిడ బాగా పాఠం చెప్పింది ఆ రోజే. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, కానీ నిజం. నా వైపు ఒక్కసారీ చూడలేదు.

చివరి శనివారానికి ఒక అసలు నటుణ్ణి పిలిచానని ఆవిడ ముందే చెప్పి ఉంది. ఆ మాటతో మళ్లీ పదిమంది దాకా వచ్చారు. లండన్‌లో ఏదో శిక్షణ ఇవ్వడానికి వచ్చిన జపాన్ ముసలాయన. ఆవిడే స్టేషన్‌కు వెళ్లి తీసుకొచ్చింది. పొట్టి మనిషి, బూడిదరంగు వానకోటు, చేతిలో సూపర్‌మార్కెట్ సంచి. రైల్లో టికెట్లు చూసేవాడిలా ఉన్నాడు. ఇంతేనా అనుకున్నాను. ఆయన పక్క గదిలోకి వెళ్లి నల్లటి జపాన్ బట్టలు, బొటనవేలు విడిగా ఉండే తెల్ల మేజోళ్లు వేసుకొచ్చాడు. ఇంగ్లిషు ముక్కలు ముక్కలుగా మాట్లాడాడు.

తమ ఇంటి మాస్కులు ప్రయాణాల్లో తీసుకురానని చెప్పి, టీచరు వైపు తిరిగి అడిగాడు. "మీ దగ్గర ఒకటి ఉందన్నారు కదా?"

ఎప్పుడో ఉత్తరంలో గొప్పగా రాసి ఉంటుంది. ఆవిడ బల్ల కింద ఉన్న సంచిలోంచి ఆ పెట్టె తీసింది. ఇవాళ తెచ్చిందంటే ఆయన అడుగుతాడని తెలుసన్నమాట. గదిలో సగం మంది నా వైపు చూశారు. నాకు ఆత్రం ఆగలేదు. నేను చెబితే కుళ్లు అనుకుని ఉంటారు, ఇప్పుడు ఆయనే చెబుతాడు, చూద్దాం అనుకున్నాను.

ఆయన మాస్కును రెండు చేతులతో తీసుకున్నాడు. తిప్పి వెనక చూశాడు. చాలాసేపు చూశాడు. ముక్కు లోపలి చుక్క మీద వేలు పెట్టి ఆగాడు. తర్వాత మళ్లీ ముందుకు తిప్పి, దాని కళ్లలోకి చూసి, చిన్నగా తల వంచాడు.

"తేలిక," అన్నాడు. "నా శిష్యులకు మంచిది ఇట్లాంటిది. కింద పడ్డా భయం లేదు."

అంతే. ఎగతాళి లేదు, జాలి కూడా లేదు. నుదుటికి మెత్త పెట్టుకుని మాస్కు పెట్టుకున్నాడు, వెనక తాడు టీచరు చేత ముడి వేయించుకున్నాడు. మాస్కు కింద ముడతలు పడ్డ గడ్డం, వదులైన గొంతు. పైన పడుచుపిల్ల, కింద ముసలి గొంతు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోవడానికి కూడా పెద్దగా ప్రయత్నించలేదు.

ఆయన బాడ్మింటన్ గీత మీద కాళ్లు ఎత్తకుండా జారుస్తూ నాలుగడుగులు వేశాడు. ట్యూబులైటు కింద ఆగాడు. తల ఒక వేలెడు దించాడు. చెయ్యి నెమ్మదిగా లేచి కళ్ల ముందుకు వచ్చింది. తాకలేదు, తుడవలేదు, ముందు నిలిచింది. ఏడవడం అంటే అదేనని టీచరు రెండో వారంలోనే చెప్పింది. అప్పుడు నేను నమ్మలేదు.

ఆ ప్లాస్టిక్ ఏడ్చిందని రాయను. రాస్తే అబద్ధం. నాకు మా పిన్ని గుర్తొచ్చింది. కుదిరిన పెళ్లి తప్పిపోయిందని తెలిసిన పూట ఆమె వసారాలో బియ్యం ఏరుతూ తల సరిగ్గా అంతే దించింది. ఆమె ఏడవడం ఇంట్లో ఎవరూ చూడలేదు. అతుకు గీత నాకు తెలుసు, ఎక్కడుందో తెలుసు, దాన్నే వెతుక్కుంటూ చూశాను. అయినా పిన్నే కనిపించింది. నా నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియదు.

తర్వాత ఎవరైనా ఒకరు వచ్చి పెట్టుకుని చూడమన్నాడు. ఎవరూ లేవలేదు. ఆయన వేలు నా వైపు చూపించింది. బహుశా నేనే అందరికంటే దగ్గరగా కూర్చున్నానేమో. మాస్కు పెట్టగానే గది పోయింది. రూపాయి బిళ్లంత వెలుగు, అందులో ఎవరిదో స్వెటరు బొత్తాం. నా ఊపిరే నాకు వేడిగా తగిలింది. నడవమన్నాడు. అడుగు జార్చి, ఇంకో అడుగు జార్చి, తిన్నగా వెళ్లి పేర్చిన కుర్చీలకు గుద్దుకున్నాను. పై రెండూ దడాల్న కింద పడ్డాయి. అందరూ నవ్వారు. చావింట్లో ఉన్నట్టు ఊపిరి బిగబట్టే ఆ మనుషులంతా హాయిగా నవ్వారు. వాళ్ల స్థానంలో నేనున్నా నవ్వేదాన్ని.

చివర్లో ప్రశ్నలడగమంటే అంకుల్ చెయ్యెత్తాడు. నేను నేల వైపు చూశాను.

"సర్, ఈ కళ అంతా ఇండియా నుంచి వచ్చిందే కదా?" అని ఇంగ్లిషులో, గోడలు అదిరేట్టు అడిగాడు.

గదిలో ఎవరో నిట్టూర్చారు. ముసలాయన మాత్రం నింపాదిగా జవాబిచ్చాడు. "కొంత. ఈ నాటకం కాదు. దీనికంటే చాలా ముందు మా రాజుల కొలువులో, గుళ్లలో మాస్కులతో నాట్యం ఉండేది. పన్నెండు, పదమూడు వందల ఏళ్ల కిందట. అందులో కొన్ని మీ దేశం నుంచి వచ్చిన ఒక బౌద్ధ భిక్షువు, ఇప్పటి వియత్నాం వైపు నుంచి వచ్చిన ఇంకొకాయన తెచ్చారని మా వాళ్లు చెబుతారు. ఇది మాత్రం మా పల్లెల్లో పుట్టింది. వరి నాట్ల పాటలు, గుడి ముందు గంతులు."

అంకుల్ మిగతాదేమీ వినలేదు. నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. ఆరు వారాలుగా ఆయన చెప్పిందంతా చెత్త అనుకున్నాను, అందులో ఒక ముక్క నిజమైంది. పూర్తిగా తప్పు చెప్పేవాళ్లను భరించడం తేలిక. ఇట్లా ఒక మూల నిజం చెప్పేవాళ్లు జీవితాంతం మన ప్రాణం తీస్తారు.

అందరూ వెళ్లాక కారు పార్కులో టీచరు డిక్కీలో సామాను సర్దుకుంటోంది. ముసలాయన ముందు సీట్లో కూర్చుని సంచిలోంచి శాండ్‌విచ్ తీసుకుని తింటున్నాడు. అంకుల్‌ను మా కారులో కూర్చోబెట్టి ఆవిడ దగ్గరికి వెళ్లాను. క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేని పని.

"ఆ రోజు అందరి ముందు అట్లా అనకుండా ఉండాల్సింది," అన్నాను.

ఆవిడ పెట్టెను దుప్పటి మడతల మధ్య పెట్టి, అప్పుడు నా వైపు తిరిగింది.

"కొన్న రెండేళ్లకే నాకు తెలిసింది," అంది. "అప్పటికే అందరికీ చెప్పేశాను, పాతదని. తర్వాత ఇంక మాట మార్చుకోలేకపోయాను. మీరు చెప్పింది నిజమే."

నాకు తేలిగ్గా అనిపించింది. వెనక్కి తిరగబోయాను.

"కానీ చెప్పేటప్పుడు మీకెంత సంతోషంగా ఉందో నేను చూశాను," అంది. "నాకు గుర్తుండేది అదే."

కోపంగా అనలేదు. డిక్కీ మూసి కారెక్కి వెళ్లిపోయింది. అట్లా కాదని చెప్పడానికి నోరు తెరిచాను, కానీ అది అట్లాగే జరిగింది.

దారిలో అంకుల్ బౌద్ధ భిక్షువు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. అప్పటికే ఆ భిక్షువు కడప మనిషి అయిపోయాడు. "అంకుల్, ఆయన ఈ నాటకం కాదన్నాడు కదా," అన్నాను.

"ఒగటి వచ్చినాక రెండోది రాకుండా ఉంటాదామ్మా?"

ఆయన్ని ఇంటి దగ్గర దింపితే, లోపలికి వచ్చి కాఫీ తాగిపొమ్మన్నాడు. ప్రతివారం అడిగేవాడు, ప్రతివారం పని ఉందనేదాన్ని. ఆ రోజు వెళ్లాను. కాఫీ నీళ్లలా ఉంది. ఆరు వారాల నోట్సు ఒక ఫైల్లో పెట్టుకున్నాడు, ఒక్కో పేజీకి నాలుగేసి వరసలే, కళ్లు కనపడక అక్షరాలు అంత పెద్దగా రాశాడు. నేను ఒక్క ముక్కా రాసుకోలేదు.

తర్వాతి టర్ములో లైబ్రరీ గోడ మీద ఆ క్లాసు కాగితం లేదు, మట్టిపాత్రల క్లాసు ఉంది. డెస్కులో అడిగితే, ఇంక ఇక్కడ చెప్పనని ఆవిడే అందని చెప్పారు. ఎందుకని అడగలేదు. రెండు వారాలు ఆగి ఆవిడకు మెయిల్ రాశాను. నాలుగుసార్లు కొట్టేసి ఐదోసారి మూడు వాక్యాలు పంపాను. నెల దాటాక జవాబు వచ్చింది. పక్క ఊరు నార్తాంప్టన్‌లో గురువారం సాయంత్రాలు మళ్లీ మొదలుపెట్టానని, కావాలంటే రావచ్చని రాసింది. చివర ఇంకో వాక్యం ఉంది. దయచేసి వెనక వరసలో కూర్చోండి.

మా ఆయనకు చూపిస్తే పడీపడీ నవ్వాడు. "పోతావా?" అన్నాడు.

మొదటి గురువారం వెళ్లలేదు. అంత మాట అనిపించుకుని వెళ్లడమేమిటనుకున్నాను. రెండో గురువారం ఆఫీసు అయ్యాక అంకుల్‌ను ఎక్కించుకుని వెళ్లాను. ఆయనకు ఆపరేషన్ అయిపోయింది, నల్లకళ్లద్దాలు పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. స్కూలు క్లాసురూము అది, ఇరవై మంది ఉన్నారు. ఆవిడ నన్ను చూసి తల ఆడించింది, పలకరించలేదు. వెనక వరసలో పిల్లల కుర్చీలు, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఆ రోజు పాఠం గుడి ముందు వరి నాట్ల పాటలు పాడి ఆడినవాళ్ల గురించి. నా ముందు కూర్చున్నాయన పెద్ద తలకాయ వల్ల బోర్డు సగమే కనిపించింది. అతన్ని లోపల తిట్టుకుంటూ, కనిపించినంత రాసుకున్నాను.